బరాత్ ఆపని క్యాసెట్

“అన్నిట్ల పాడు క్యాసెట్ ఏదుంటె అది ముందుగాల ఇయ్యి అవ్వా” అన్నాడు నిజామాబాద్ బస్టాండ్ వెనక సందులో, పాత క్యాసెట్లలోని పాటలను ఫోన్లోకి ఎక్కించే దుకాణపాయన. దుకాణానికి పోయినవాళ్లను మంచిది ఏదని అడుగుతారు గాని పాడుది ఏదని అడగటం నేనెక్కడా వినలేదు. నా సంచిలో ఐదు క్యాసెట్లున్నాయి. ఐదింట్లోనూ పాడింది మా తమ్ముడు సాయిలే. ఒకప్పుడు బోధన్‌లో బరాత్, అంటే పెళ్లి ఊరేగింపు, బయలుదేరిందంటే ముందు మా బ్యాండే నడిచేది. మా బ్యాండ్ అంటున్నాను గాని నేను బాజా ఊదలేదు, మైకు పట్టలేదు. వాళ్ల కోట్లు ఉతికాను, నెత్తిన లైటు మోశాను.

దుకాణపాయన ఒక క్యాసెట్‌ను వెలుతురుకు ఎత్తి చూపించాడు. టేపు అంచు పొడుగునా తెల్లటి బూజు. “గిట్లనే ఉన్నయి అన్ని. మిషన్ల ఏస్తె ఒక్కపారి తిరుగుతది. రెండోపారికి ఉంటదో ఉండదో నేను చెప్ప. ఒకటి ఏసి చూస్తె ఎంత మెల్లగ తిప్పాల్నో నాకు అందాజ దొరుకుతది. అందుకె, పోయినా ఫికర్ లేనిది ముందుగాల. మస్తు మంచిది ఆఖరుకు” అన్నాడు. నా పక్కన స్టూలు మీద కూచున్న మొయిన్ మాస్టర్ తల ఊపాడు. మొయిన్ మా బ్యాండ్‌ను నడిపినవాడు, క్లారినెట్ ఊదేవాడు. ఇప్పుడు ముందు పళ్లు లేవు కాబట్టి ఊదడు. “ఆయన చెప్పింది సహీ ఉన్నది అక్కా. కింది నుంచి పైకి పోదాం” అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

మేము అక్కడికి సరదాకు పోలేదు. సాయిలుకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి, మాట మొత్తం పోయింది. మనుషులను గుర్తుపడతాడు, అన్నం మాత్రం అడగలేడు. మరదలు ఎప్పుడో పోయింది కాబట్టి నిజామాబాద్‌లో బిడ్డ లావణ్య ఇంట్లో ఉంచుకుని చూస్తున్నది. దవాఖానాలో మాట నేర్పే మేడమ్ ఒకావిడ ఉంది. మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగిలి ఉంటుందని, రక్తంలో కలిసిన పాట ఏదైనా వినిపిస్తే నోరు దానంతటది కదలవచ్చని, ఆ పాట పట్టుకుని మెల్లగా మాటను బయటికి లాగవచ్చని ఆమె చెప్పింది. అందరికీ కాదు, కొందరికే అని కూడా చెప్పింది. ఆలస్యం చేయవద్దన్నది. లావణ్య నాకు ఫోన్ చేసి “అత్తా, బాపు పాడిన క్యాసెట్లు ఎవలి దగ్గరన్న ఉన్నయా?” అని అడిగింది. నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ప్రేమతో దాచానని ఎవరూ అనుకోవద్దు. నాకు పారేసే అలవాటు లేదు, అంతే.

ఐదు క్యాసెట్లను పాడుదాని నుంచి మంచిదాని దాకా వరుస పెట్టమంటే నాకు కష్టం కాదు. ఆ లెక్క నా మెడలో ఉంది. మా చిన్నతనంలో బరాత్ ముందు పెట్రోమాక్స్ లైట్లను ఆడవాళ్ల నెత్తిన పెట్టి రెండు వరుసలుగా నడిపించేవారు. బుస్సుమని మండే లైటు, దాని కింద చెక్క, చెక్క కింద చుట్టబట్ట, చుట్టబట్ట కింద నేను. కిరోసిన్ వాసన తలంటు పోసుకున్నా జుట్టులోంచి పోయేది కాదు. పురుగులు మొహానికి కొట్టుకునేవి. చేయి ఎత్తి తోలితే లైటు ఒరుగుతుంది, అందుకని నోటితో ఊదుకుంటూ నడిచేవాళ్లం. నడుస్తున్నంత సేపు బరువు తెలియదు. ఆగితేనే తెలుస్తుంది. పాట బాగుంటే పెళ్లికొడుకు చుట్టాలు చౌరస్తాలో అడ్డంగా నిలబడి ఎగిరేవారు, మళ్లీ అదే కొట్టమని మాస్టర్ కోటు పట్టుకుని గుంజేవారు. గుర్రం మీద పెళ్లికొడుకు కునికిపాట్లు పడేవాడు. మేము మాత్రం నిటారుగా నిలబడాలి. బ్యాండ్‌వాళ్లు పాట మంచిచెడ్డలు కొలిచేది ఆ ఆగడంతోనే. బరాత్‌ను ఆపితే మంచి పాట. బరాత్ తన దారిన తాను నడిచిపోతే పాడు పాట. ఇంకో కొలత వాళ్లకు తెలియదు, నాకూ తెలియదు. మరునాడు పొద్దున నా మెడ ఎంత పట్టేస్తే ఆ పాట అంత గొప్పది. మెడ తిరగక ఒళ్లంతా తిప్పి చూస్తుంటే మమ్మల్ని కన్న అవ్వ నూనె రాస్తూ “నీ తమ్ముడు ఇంకింత మంచిగ పాడిండనుకో, నీ తలకాయ నీకు దక్కది బిడ్డా” అనేది. పక్కనే మూతి కూడా కడగని సాయిలు నవ్వేవాడు. అప్పటికి వాడికి మీసం రాలేదు, గొంతు మాత్రం చౌరస్తా దాటి వినబడేది.

మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీ గోడకు దగ్గర. బాపు అక్కడ చెరుకు బండ్లు ఖాళీ చేసే దగ్గర పనిచేసేవాడు. సీజన్ మొదలైతే ఊరంతా చెరుకు మడ్డి వాసన. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు, మాకు ఆ వాసన లేని రోజే ఇంట్లో ఏదో తక్కువైనట్టు ఉండేది. బాపు డ్యూటీ దిగి వస్తే ఆయన వెంట చీమలు వచ్చేవి. చెరుకురసం ఎండి అంగీ అట్టలాగా బిగిసిపోయేది. దాన్ని దండెం మీద వేస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా చీమల బారు. అవ్వ దండెం రెండు కొసలకు కిరోసిన్‌లో తడిపిన గుడ్డ పేలికలు కట్టేది. బాపుకు అది నచ్చేది కాదు. గడపలో కూచుని, అంగీ మీది చీమలను ఒక్కొక్కదాన్నే వేలి మీదికి ఎక్కించుకుని గోడ మీద దింపేవాడు. “నా తోటి ఇవి గూడ డ్యూటీ చేసినయి, గుడ్డ కట్టుడెందుకు” అనేవాడు. “అయితె వాటినే వండిపెట్టుమను” అనేది అవ్వ. వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు గొంతు పెంచడం నేను చూడలేదు. పెంచినా సైరన్‌లో వినబడేది కాదేమో. సైరన్ మీదే మా ఇల్లు నడిచేది. మొదటి సైరన్‌కు పొయ్యి, రెండోదానికి బాపు టిఫిన్ డబ్బా, మూడోదానికి నేను కోట్లు నానబెట్టాలి.

బ్యాండ్ సామానంతా మా పెరటి కొట్టంలో ఉండేది. మొయిన్ వాళ్ల ఇల్లు ఇరుకు, మా పెరడు వెడల్పు, అందుకని వాళ్ల నాయన కాలం నుంచి సాధన మా ఇంట్లోనే. ఎర్ర కోట్లు, భుజాల మీద పసుపుపచ్చ కుచ్చులు. చెమట, బట్టల్లో వేసే డాంబర్ గోలీల వాసన కలిసి కొట్టేవి. ఉతికి ఆరేస్తే ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి కాలిన చెరుకు పిప్పి నల్లగా రాలేది. ఎర్ర కోటు మీద పడ్డ మసిని దులిపితే గీత పడుతుంది, ఊదాలి. నా చిన్నతనం సగం ఊదడంలోనే పోయింది, లైటు కింద పురుగులను, కోటు మీద మసిని. సాధన పొద్దుగూకక ముందే అయిపోవాలని బాపు షరతు. అందరూ అటుకులు తిని, చాయ్ తాగి మొదలుపెట్టేవారు. ఎవరైనా తప్పు వాయిస్తే సాయిలు పాట ఆపడు, తిట్టడు. కుడిచేతిలో మైకు ఉంటుంది కాబట్టి ఎడమచేతి చూపుడువేలు లేపి ఒక్కసారి అటూ ఇటూ ఆడించేవాడు. అంతే. వాయించేవాడు చచ్చినట్టు మొదటికి రావాలి. “ఆ ఏలు లేస్తె నా గొంతుల తడి ఆరిపోతది” అనేవాడు మొయిన్. వయసులో సాయిలు కంటే పెద్దవాడు, బ్యాండ్‌కు మాస్టర్, అయినా ఆ వేలికి భయపడేవాడు.

అవ్వ గురించి చెప్పాలి. ఫ్యాక్టరీ సీజన్, పసుపు పని ఒక్కసారే వస్తాయి. బాపు చెరుకులో ఉంటే అవ్వ కూలికి కమ్మర్‌పల్లి, ఏర్గట్ల దిక్కు పోయేది. వారాలకు వారాలు అక్కడే ఉండేది. చంకలో సాయిలును వేసుకుని పోయేది, నన్ను బాపుకు వండిపెట్టడానికి వదిలేది. అందుకే అవ్వ పని చేసేటప్పుడు ఏం మాట్లాడేదో, ఏం పాడేదో నాకు తెలియదు. నాకు తెలిసింది తిరిగి వచ్చిన అవ్వ. అరచేతులు పచ్చగా, గోళ్లలో పసుపు, కొంగులో ఉడికిన పసుపు వాసన. ఆమె చేయి ముంచితే బిందెలో నీళ్లు పచ్చబడేవి. ఇంట్లో పాడేది కాదు. పాడమంటే “నేను పాడుడేంది, పని పాడుతది” అనేది.

ఒక్క ఏడు మాత్రం బాపు కాలు బెణికి ఇంట్లో ఉండి, వంట తానే చూసుకుంటానంటే నన్ను కూడా తీసుకుపోయింది. ఎండిన పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే పని. ఇరుసు మీద కూచోబెట్టిన పెద్ద ఇనుప డ్రమ్ములో కొమ్ములు పోసి, రెండు పక్కలా ఇద్దరు నిలబడి చేత్తో తిప్పాలి. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని మెరుపు తేలుతాయి. డ్రమ్ము పైకి వచ్చేటప్పుడు బరువు, దిగేటప్పుడు తనంతట తాను జారుతుంది. రెండు అడుగులు మెల్లగా, ఒకటి జల్దీ. ఒక పక్క అవ్వ, ఒక పక్క నేను. ఆ తిప్పుడు మీద అవ్వ పాడింది. నేను పసుపు దుమ్ముకు దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాను. డ్రమ్ము నీడలో బోర్లా పడుకుని ఆ పాట మొత్తం విన్నవాడు సాయిలు. నాకు ఆ తాళం దెబ్బ గుర్తుంది, పాట గుర్తులేదు.

క్యాసెట్లు ఆ తర్వాతి సంగతి. మేము పెద్దవాళ్లమయ్యాం, నాకు పెళ్లయింది, పెనిమిటి తొందరగానే పోయాడు, నేను మళ్లీ అదే పెరట్లో అదే కోట్లు ఉతుకుతున్నాను, అవే లైట్లు మోస్తున్నాను. నిజామాబాద్‌లో గోడలకు బొంతలు కట్టిన ఒక గదిలో బ్యాండ్‌వాళ్లు పాటలు నింపుకుని వచ్చేవారు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఏ క్యాసెట్ ఏదో తెలియడానికి కోట్ల కుచ్చులు కుట్టే దారాల్లోంచి ఒక్కో రంగు తీసుకుని క్యాసెట్ చక్రం బొక్కలోంచి దూర్చి ముడివేసేదాన్ని. మొదటిది ఎర్రదారం. చదువు నాకు నెత్తి నెరిసే వేళ రాత్రి బడిలో వచ్చింది. అందుకే ఇట్లా తిన్నగా రాస్తున్నాను, మెలికలు తిప్పడం నేర్చుకునేంత తీరిక మిగలలేదు. నా అంతట నేను చదివిన మొదటి ముక్క పుస్తకంలోది కాదు. ఎర్రదారం క్యాసెట్ అట్ట మీద తమ్ముని పేరు.

దుకాణం బల్ల మీద ఐదింటినీ పెట్టి నేనూ మొయినూ కొట్లాడుకున్నాం. ఎర్రదారం అన్నిటికంటే పైన అనడంలో ఇద్దరికీ పేచీ లేదు. అందులోని పాటకు శక్కర్‌నగర్‌లో ఒక బరాత్ ఎంతకూ కదలక, పెళ్లికూతురు తండ్రే ఎదురొచ్చి దండం పెట్టి పిలుచుకుపోయాడు. ఆ తర్వాత రెండు రోజులు నేను తల దించుకుని అన్నం తినలేకపోయాను. దాని కిందిది ఆకుపచ్చ. ముస్లిముల పెళ్లిళ్లలో పిల్లను సాగనంపేటప్పుడు పాడే పాటలు అందులో ఉన్నాయి, మొయిన్ వాళ్ల నాయన ఊదిన క్లారినెట్ అదొక్క దాంట్లోనే మిగిలింది. మొయిన్ దాన్ని మూడో స్థానంలో పెట్టి, తాను కొత్తగా కొన్న కీబోర్డు వాయించిన నీలం క్యాసెట్‌ను రెండో స్థానంలోకి జరిపాడు.

“మీ నాయనను కిందికి తోసి పిల్లి అరుపులు మీద పెడుతున్నవా?” అన్నాను.

“పిల్లి కాదక్కా, కీబోర్డ్. పోరలు ఎంత ఎగిరిండ్రు దానికి, యాది లేదా?”

“ఎగిరిండ్రు, పోయిండ్రు. నా మెడ నొయ్యలె.”

దుకాణపాయన నవ్వాడు. మొయిన్ మూతి ముడుచుకుని ఆకుపచ్చను పైకి జరిపాడు. జాతర కోసం పాడిన తెల్లదారం క్యాసెట్‌లో సాయిలుకు జలుబు, ప్రతి చరణం చివరా ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడుతుంది, అది నాలుగు. మిగిలింది నల్లదారం. దాని గురించి కొట్లాటే లేదు.

నల్లదారం అవ్వ పోయిన ఏడాది సాయిలు పంతం పట్టి తీసిన క్యాసెట్. అవ్వ పసుపు పాటలు. కొన్ని మాటలు అవ్వవి, కొన్ని తాను కట్టినవి, ఏది ఎవరిదో వాడికే తెలుసు. రెండు మెల్లగా ఒకటి జల్దీ అనే ఆ దెబ్బ బ్యాండ్‌వాళ్ల చేతికి లొంగలేదు. డోలు మాటిమాటికీ బరాత్ దెబ్బలోకి జారిపోతుంది, బాజాలు పాట మీద పడి తొక్కుతాయి. ఒకే ఒక్కసారి బరాత్‌లో పాడాడు. లైట్లు మోసేవాళ్లం నడుస్తూనే ఉన్నాం, బరాత్ నడుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే సాయిలు, తోపుడు బండి మీద లౌడ్‌స్పీకరు, మొయిన్ మాత్రమే చౌరస్తాలో మిగిలారు. పెళ్లికొడుకు మేనమామ వెనక్కి వచ్చి “ఎవలు సచ్చిండ్రురా బాపూ?” అని అడిగాడు. ఆ రోజు నుంచి బ్యాండ్‌వాళ్లు దాన్ని చావు క్యాసెట్ అన్నారు. సాయిలు కూడా నవ్వాడు. మళ్లీ ఎన్నడూ ఆ పాటలు ఎత్తలేదు. బాజాల చప్పుడులో వాటి మాటలు మాకెవరికీ పట్టుబడలేదు, లొంగని ఆ దెబ్బ మీదే అందరి ధ్యాస. అమ్ముడుపోని ఆ క్యాసెట్ల మూలల బొక్కల్లో, మళ్లీ పాట ఎక్కేట్టు దూది కూరి, వాటి మీదే వేరే పాటలు నింపి పెళ్లివాళ్లకు ఇచ్చారు. అప్పుడు అందరూ చేసే పనే అది.

“గిది పోయినా ఫికర్ లేదు” అన్నాడు మొయిన్. నేను దారం విప్పి ఇచ్చాను. మిషన్ తిరిగింది. సాయిలు గొంతు సవరించుకున్న చప్పుడు, తర్వాత మొదటి చరణం, “కొమ్ము కొమ్ము రాసుకోని పొద్దు పొడిసెనే”. నేను అటు చెవి పెట్టేలోగా గొంతు కిందికి జారి, ఎద్దు రంకెలాగా సాగి ఆగింది. దుకాణపాయన గబగబా మిషన్ తెరిచాడు. టేపు చక్రాలకు చుట్టుకుని, తెంపి తీస్తే చివరి దాకా అంతా సేమియాలాగా ముద్దగా వచ్చింది. “పోయింది. కానీ నాకు సమజైంది, ఇగ మిగిలినయి జాగ్రత్తగ తీస్త” అన్నాడు. తీశాడు కూడా. నాలుగూ ఒక్క చరణం పోకుండా ఫోన్లోకి ఎక్కాయి. మొయిన్ సంతోషంతో అందరికీ చాయ్ చెప్పాడు. నేనూ తాగాను.

లావణ్య ఇంట్లో రోజుకొక క్యాసెట్ వినిపించాం, కింది నుంచి పైకి. తెల్లదారానికి సాయిలు పైన తిరిగే ఫ్యానును చూశాడు. నీలానికి కళ్లు మూసుకున్నాడు. ఆకుపచ్చ రోజు క్లారినెట్ మొదలు కాగానే మొయిన్ తన తండ్రి ఊదుతున్నాడని లేచి నిలబడ్డాడు, సాయిలు మొయిన్‌ను చూశాడు గాని నోరు కదలలేదు. “రేపు ఎర్రది పడనియ్యి అక్కా, మంచంల కెళ్లి లేసి ఎగురుతడు” అన్నాడు మొయిన్. ఆ రాత్రి లావణ్య అన్నం తినలేదు.

మరునాడు ఎర్రదారం పాట పెట్టాం. నా చేయి నాకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. మొయిన్ లేని క్లారినెట్ మీద వేళ్లు ఆడించాడు. లావణ్య తండ్రి పెదవుల దగ్గరికి వంగి చూస్తున్నది. బోధన్ మొత్తాన్ని నిలబెట్టిన పాట అది. సాయిలు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పాట అయిపోయింది. అప్పుడు మంచం ఇనుప పట్టీ మీద చప్పుడు మొదలైంది. సాయిలు ఎడమచేయి. మొయిన్ మొహం వెలిగింది. “దెబ్బ కొడుతుండు అక్కా” అని, తానూ స్టూలు మీద బరాత్ దెబ్బ అందుకున్నాడు. సాయిలు చూపుడువేలు లేచింది. ఒక్కసారి అటూ ఇటూ ఆడింది.

మొయిన్ చేయి గాలిలోనే ఆగిపోయింది. ఎంత కాలానికి చూశామో ఆ వేలును. లావణ్య ఏడుస్తూ నవ్వుతున్నది. సాయిలు మళ్లీ పట్టీ మీద మొదటి నుంచి కొట్టాడు. రెండు మెల్లగా, ఒకటి జల్దీ. నాకు ముక్కులో పసుపు దుమ్ము ఎక్కినట్టయింది.

“అవ్వది” అన్నాను. “అవ్వ పాట అడుగుతుండు.”

దుకాణపాయన ఫోన్లోకి ఎక్కించిన దాంట్లో ఆ తెగిన ముక్క కూడా ఉంది. లావణ్య వెతికి పెట్టింది. గొంతు సవరించుకున్న చప్పుడు. కొమ్ము కొమ్ము రాసుకోని. సాయిలు పెదవులు విడిపోయాయి. గొంతులోంచి గాలి, గాలి వెనక సన్నటి చప్పుడు, మాట కాదు గాని మాటకు దగ్గరగా ఏదో వచ్చింది. పొద్దు పొడిసెనే. అక్కడ పాట తెగింది. సాయిలు మిగిలిన దాని కోసం నోరు తెరిచే ఉంచి ఫోన్ వైపు చూస్తూ ఉన్నాడు. లావణ్య మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడి దాకా వచ్చాడు, మళ్లీ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మూడోసారి పెట్టబోతే నేనే ఆమె చేయి పట్టుకున్నాను.

ఆ రోజే మొయినూ నేనూ దుకాణానికి పోయాం. ముద్దయిన టేపును ఆయన ఇంకా ఊడ్చి పారేయలేదు. విప్పి, సాపు చేసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగి మాకు చూపించాడు. వేళ్లకు గోధుమరంగు పొడి అంటింది. “గీ పొడిలనే ఉంటది అవ్వా పాట. ఇది రాలినంక ఉట్టి ప్లాస్టిక్ ఉంటది” అన్నాడు. తర్వాత ఆ వేళ్లను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆయన తప్పేం లేదు, వేళ్లకు అంటితే ఎవరైనా తుడుచుకుంటారు. నేను మాత్రం ఆ ప్యాంటు వైపే చూస్తూ నిలబడ్డాను.

మొయిన్ బోధన్ అంతా తిరిగాడు. అప్పట్లో పెళ్లికి మా క్యాసెట్లు తీసుకున్న ఇళ్లన్నీ గుర్తు చేసుకుని అడిగాడు. రెండిళ్లలో దొరికాయి. వాటి మీద మేమే నింపిన వేరే పాటలున్నాయి. నేను ఏర్గట్ల దిక్కు పోయాను. అవ్వతో పని చేసినవాళ్లు ఎవరూ లేరు. ఒక ముసలామె గుర్తుపట్టింది గాని, “మీ అవ్వ పాటలు మీ అవ్వయే, ఆమె ఎప్పటికప్పుడు కడుతుండె” అన్నది. ఇప్పుడు పసుపు డ్రమ్ములు మోటారుతో తిరుగుతున్నాయి. ఎవరూ రెండు పక్కలా నిలబడరు. మోటారుకు మెల్లగా, జల్దీ అనేవి లేవు, ఒకటే గీత. మా ఫ్యాక్టరీ సైరన్ ఎప్పుడో ఆగింది. దండెం మీద చీమలు లేవు, ఆరేసిన బట్టల మీద మసి లేదు. అవి తెల్లగా ఆరుతుంటే నాకు మొదట్లో సంతోషమనిపించేది. పాట నోళ్లలో ఉన్న రోజుల్లో నాకు రాత రాదు. ఇప్పుడు రాత వచ్చి కూచున్నాను, చెప్పే నోరు లేదు.

మేడమ్‌కు ఈ సంగతి చెబితే చాలా మంచి గుర్తు అన్నది. ఆ పాటనే పట్టుకోండి, వేరేవి ఆపేయండి, మొత్తం పాట ఎవరైనా పాడి వినిపించండి అన్నది. ఎవరూ లేరని లావణ్య చెప్పింది. వచ్చినంత వరకు పాడండి అన్నది ఆమె. బయటివాళ్లు చెప్పడానికి అది సులువే. కింది నుంచి పైకి పోదామన్న మమ్మల్ని లావణ్య ఒక్క మాట అనలేదు. అంటే కాస్త బాగుండేది.

ఇప్పుడు నేను కూడా లావణ్య ఇంట్లోనే ఉంటున్నాను. పొద్దున సాయిలుకు జావ తాగించి, మూతి తుడిచి, మంచం పక్కన పీట వేసుకుని కూచుంటాను. నాది గొంతు కాదు, ఎన్నడూ పాడలేదు. అయినా మంచం పట్టీ మీద దెబ్బ వేసుకుంటూ మొదటి చరణం ఎత్తుతాను. సాయిలు నోరు తెరుస్తాడు. రెండోది నాకు రాదు కాబట్టి ఏదో కడతాను. “అవ్వ చేతి పసుపు పారి వాగు మెరిసెనే” అంటాను. వేలు లేస్తుంది. “అవ్వ నడిచి అచ్చె దారి పచ్చగాయెనే” అంటాను. వేలు లేస్తుంది. పొద్దు తీసేసి ఎండ పెడతాను, వాగు తీసేసి వాన పెడతాను. “గిదన్న అయితదా తమ్మీ?” అని అడుగుతాను. కాదంటుంది వేలు. ఏది అవునో ఆ తలలో చెక్కుచెదరకుండా ఉంది. అది తెలిసిన మనిషి నా ఎదురుగానే ఉన్నాడు, చెప్పలేడు. ఒకరోజు విసుగొచ్చి “మరేందిరా, నువ్వే చెప్పరాదు” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. సాయిలు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. సాధనలో తప్పిన వాయింపుడుగాణ్ని చూసినట్టు, మొదటికి రా అన్నట్టు చూశాడు.

మొయిన్ వారానికొకసారి బస్సెక్కి వస్తాడు. స్టూలు మీద ఆ దెబ్బ నేర్చుకుంటున్నాడు. చేయి ఇంకా బరాత్‌లోకి జారుతూనే ఉంది. “ముసలితనంల కొత్త దెబ్బ నేర్పిస్తుండు నీ తమ్ముడు” అంటాడు. “అప్పుడే నేర్సుకుంటె అయిపోతుండె” అంటాను. నిన్న ఇద్దరం కలిసి చాలాసేపు కూచున్నాం. సాయిలు చెవి దగ్గరికి వంగి వంగి నా మెడ పట్టేసింది. లేవబోతే తల తిరగలేదు, ఒళ్లంతా తిప్పి చూడాల్సి వచ్చింది. చిన్నప్పుడు చౌరస్తాలో బరాత్ ఆగిపోయినప్పుడు వచ్చే నొప్పి, అచ్చం అదే. లావణ్య నూనె తెస్తానన్నది. తర్వాత తెద్దువులే అన్నాను.

పట్టీ మీద సాయిలు వేళ్లు మళ్లీ మొదలయ్యాయి. నేను పీట దగ్గరికి జరుపుకుని మొదటి చరణం ఎత్తాను. నోరు తెరిచాడు.